ఖాళీ గడి

కర్నూలు,
జూన్ 10.

చిరంజీవి శిల్పకు,

మీ వదిన హేమావతి దీవించి రాస్తున్నది. మీ అన్నా, నేనూ కులాసా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు. లేకపోతే మీ పై అధికారి ధనుంజయ సారు పక్కనే ఉన్నాడని గుసగుసగా రెండు మాటలు చెప్పి పెట్టేస్తావు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ఫిర్యాదు టికెట్ పెట్టమన్నావు, పెట్టాను. నాలుగు పెట్టాను. మూడు రోజులు తిరిగేసరికి నాలుగింటికీ ‘పరిష్కరించబడినది’ అని పచ్చ టిక్కు పడింది. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో దేవుడికే తెలియాలి. మన లారీ డ్రైవరు నారాయణ రోజు విడిచి రోజు కడపలో ఆక్సిజన్ సిలిండర్లు నింపుకొని ఇక్కడ దించి, ఖాళీవి ఎత్తుకొని తిరిగి వస్తాడు కదా. ఈ కాగితం అతని చేతికిస్తే నేరుగా నీ టేబులు మీద పెడతాడు.

అసలు సంగతి. పదకొండేళ్లుగా ఈ డిపో నడుపుతున్నాను. ఆసుపత్రులు కాక, ఇళ్లలో ఆక్సిజన్ పెట్టుకొని బతికే వాళ్లు నా లెక్కలో ముప్పై ఒక్క మంది. ఎవరికి ఎన్ని రోజుల గాలి మిగిలి ఉందో గోడ మీద తెల్లబోర్డు మీద రాసుకునేదాన్ని. కుర్చీలోంచి తల ఎత్తితే చాలు. ఇప్పుడు ఆ బోర్డు పీకించేశారు. అంతా తెర మీదే చూడాలట.

తెర తెరిస్తే ఏముంటుందో తెలుసా? ‘శుభోదయం, యూజర్ 7’ అని ఒక పలకరింపు. దాని కింద ఈ నెల లక్ష్యం అని రంగుల చక్రం. పక్కన రాష్ట్రం పటం. కర్నూలు ఎక్కడుందో నాకు తెలుసు శిల్పా, పటం ఎందుకు? ఈ రోజు ఎవరికి సిలిండరు అందకపోతే ఊపిరాడదో అది మాత్రం ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా అడుగున దొరికింది. అందులోనూ పది పేర్లే. పెద్ద ఆర్డర్లు మొదట. అంటే ఆసుపత్రులే. ఒక్క సిలిండరు తీసుకునే మనిషి పదకొండో వాడై కిందికి జారిపోయాడు.

నాకు మూడు పనులు చేసిపెట్టు. చక్రాన్నీ, పటాన్నీ తీసేయి. ఇంటి పేషెంట్ల జాబితా పైన పెట్టు. నా పేరు హేమావతి అని రాయి. సాఫ్ట్‌వేర్ మొత్తం నీ చేతిలోనే ఉంది కదా.

మీ వదిన,
హేమావతి


కడప,
జూన్ 14.

హేమ వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి నిజంగానే నవ్వొచ్చింది. నువ్వు అడిగిన మూడూ నీ చేతిలోనే ఉన్నాయి. తెరకు పైన కుడి మూల పళ్ల చక్రం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. ‘నా డాష్‌బోర్డు’ అన్న చోట నొక్కు. అప్పుడు ప్రతి గడినీ వేలితో కాగితం జరిపినట్టు మౌసుతో జరపొచ్చు. వద్దనుకున్న గడి మూల మీద ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. పేరు మార్చుకోవడం ‘నా ప్రొఫైల్’లో ఉంది. శిక్షణ రోజు ఇదంతా చెప్పాం. నువ్వు ఆ రోజు వెనక కూర్చొని ఫోన్లు మాట్లాడుతూనే ఉన్నావు.

వదినా, కోపం తెచ్చుకోకు. నన్ను ఈ కంపెనీలో చేర్చింది నువ్వే. చలాన్లు ఎలా రాయాలో నేర్పిందీ నువ్వే. కానీ ఇది పాత చలాన్ల పుస్తకం కాదు. కొంచెం ఓపిక పట్టి నేర్చుకుంటే నీకే సులువు. అయిదు డిపోల సంగతీ ఒక్క చోట కనబడుతున్నదని చైర్మన్ గారు శానా సంతోషపడ్డారు. 

సాఫ్ట్‌వేర్ పని మొత్తానికి మేనేజరు పోస్టు ఒకటి పెడతారట. నా పేరు అనుకుంటున్నారు. ఇప్పుడే అన్నకు చెప్పకు.

నీ శిల్ప


కర్నూలు,
జూన్ 22.

చిరంజీవి శిల్పకు,

పోస్టు సంగతి విని సంతోషం. మీ అన్నకు చెప్పలేదు.

నువ్వు చెప్పినట్టే పళ్ల చక్రం నొక్కాను. చక్రం పోయింది, పటం పోయింది. ఇంటి పేషెంట్లను పైకి తెచ్చాను. హేమావతి అని రాసుకున్నాను. ఆ పూట నాకు కాఫీ కూడా రుచిగా అనిపించింది.

మరుసటి రోజు పొద్దున తెరిస్తే, ‘శుభోదయం, యూజర్ 7’. చక్రం ఉంది, పటం ఉంది. మళ్లీ జరిపాను. మూడో రోజు మళ్లీ అంతే. మూడుసార్లు చేశాను. పొద్దున ఊడ్చిన వాకిట్లో ఎవరో రోజూ చెత్త తెచ్చి పోస్తున్నట్టుంది. దీన్ని సెట్టింగ్ అంటారా?

ఈ లోపల ఏం జరిగిందో విను. కోసిగిలో రామలింగప్ప అని ఒకాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి రాళ్ల పనికి వలసపోయి, ఆ పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఆయన భార్య ఉరుకుందమ్మ గురువారం ఫోన్ చేసింది.

“ఏమ్మా, సిలిండరు ముల్లు ఎర్రగీటు కాడికొచ్చిండాది. మీ బండి యాడుండాది? వస్తాండాదా, లేదా?”

తెర చూస్తే ఆ పేరే లేదు. పదకొండో వాడు. ఆదోని వెళ్తున్న బండికి ఫోన్ చేసి, అటే కోసిగికి తిప్పించాను. సమయానికి అందింది. అందింది తెర చూసి కాదు, ఆమె ఫోన్ చేయబట్టి. ఇప్పుడు మళ్లీ ఒక నోటుపుస్తకంలో ముప్పై ఒక్క పేర్లూ రాసుకుంటున్నాను.

రోజూ నా తెరను ఎవరు చెరుపుతున్నారో కనుక్కో.

హేమావతి


కడప,
జూన్ 28.

వదినకు,

చెరుపుతున్నది ఎవరూ కాదు. రోజూ పొద్దున ఆరింటికి హెడ్డాఫీసు నమూనా అన్ని డిపోల తెరల మీదా తిరిగి పడుతుంది. ఆ ఏర్పాటు నేనే చేశాను. మొదటి ఉత్తరంలో చెప్పాల్సింది, చెప్పలేదు. చెబితే నువ్వు కోప్పడతావనుకున్నాను.

కారణం ఉంది. ఒక డిపో వాళ్లు ఆలస్యమైన సరఫరాల గడిని తెర మీదినుంచి తీసేసి, అసలు ఆలస్యాలే లేనట్టు రెండు నెలలు నడిపారు. అప్పటినుంచి ధనుంజయ సారు ఒకే మాట మీదున్నాడు. “అందరికీ ఒకే తెర. ఎవురిష్టమొచ్చినట్టు వాళ్లు జరుపుకుంటాంటే ఇంగ మనకెందుకు సాఫ్ట్‌వేరు?” అంటాడు. యూజర్ 7 మూడుసార్లు తెర మార్చిన సంగతి లాగ్‌లో చూశాడు. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ దానంతటదే రాసుకునే చిట్టా. నన్ను పిలిచి, “మీ వదినే గదా? చెప్పమ్మా ఆమెకు” అన్నాడు. అందరి ముందూ. నిన్నటినుంచి డిపోల సెట్టింగ్స్‌కు తాళం వేయించాడు. వేసిందీ నేనే.

కోసిగి ఆయనకు సిలిండరు అందింది కదా. దయచేసి కొన్నాళ్లు ఊరుకో. నోటుపుస్తకం సంగతి ఎవరితోనూ అనకు. కొత్త పద్ధతికి ఎదురు తిరుగుతున్నావనుకుంటారు. పోస్టు తేలేదాకా నా పేరు కూడా కొంచెం గుర్తుపెట్టుకో వదినా.

శిల్ప


కర్నూలు,
జూలై 5.

శిల్పకు,

పళ్ల చక్రం నొక్కితే ఇప్పుడు ‘మీకు అనుమతి లేదు’ అని వస్తున్నది. పదకొండేళ్ల తర్వాత ఆ మాట చదువుకున్నాను. తాళం వేసింది నువ్వేనని చెప్పినందుకు సంతోషం.

నీ పేరు నాకు గుర్తుంది. ముప్పై ఒక్క పేర్లు కూడా గుర్తుంచుకోవాలి. నాకు యాభై దాటాయి. ఓర్వకల్లు సిద్దమ్మకు మంగళవారమా, బుధవారమా అని నిన్న అరగంట తడుముకున్నాను. పుస్తకం ఇంట్లో మర్చిపోయాను. ఇది ఎవరితోనూ అనలేదు. నీతోనే అంటున్నాను.

బదులు రాయకపోయినా పరవాలేదు.

హేమావతి


కడప,
జూలై 12.

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. 

నిన్నటినుంచి నీ తెర మీద అన్నింటికన్నా పైన ఒక కొత్త గడి ఉంది. ‘రెండు రోజుల్లోపు సిలిండరు కావలసిన ఇంటి పేషెంట్లు’ అని దాని పేరు. ఎవరికి రెండు రోజులకన్నా తక్కువ గాలి మిగిలితే ఆ పేరు దానంతటదే అందులోకి వస్తుంది. ఎర్రగా కనబడుతుంది. రోజూ పొద్దున చెరిగిపోదు. అయిదు పేర్లు పెట్టి పరీక్షించాను, బాగా పనిచేస్తున్నది. ఇక పుస్తకం అక్కర్లేదు. నిశ్చింతగా ఉండు.

ఎలా వచ్చిందని అడగకు. ఎవరికీ చూపించకు.

నీ శిల్ప


కర్నూలు,
ఆగస్టు 2.

చిరంజీవి శిల్పకు,

మూడు వారాలు చూశాకే రాద్దామని ఆగాను.

గడి పనిచేస్తున్నది. మొదటి వారం పుస్తకంతో సరిచూశాను. డోన్‌లో మాస్టరు గారి పేరు వచ్చింది, పుస్తకంలోనూ అదే. సిద్దమ్మ పేరు వచ్చింది, అదే. రెండో వారం పుస్తకం అంత పట్టుగా చూడలేదు. ఈ వారం తెరవనే లేదు. పొద్దున తెర తెరిచి, ఎర్ర పేర్లు చూసి, బండికి చెప్పేస్తున్నాను. ఒక్కోరోజు గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న రోజు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి వేడిగా తిని వస్తున్నాను. మీ అన్న ఆశ్చర్యపోతున్నాడు.

నిన్ను నోటికొచ్చినట్టు రాశాను, మనసులో పెట్టుకోకు. నారాయణ చేతికి జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ ఇచ్చి పంపుతున్నాను. పొడి నీకొక్కదానికే. మీ ధనుంజయ సారుకు పెట్టకు.

మీ వదిన


కర్నూలు,
ఆగస్టు 20.

శిల్పా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆదివారం పదకొండు గంటలకు ఉరుకుందమ్మ ఫోన్ చేసింది. రామలింగప్ప సిలిండరు అయిపోయింది. ముల్లు సున్నా మీదుంది. మన బండి అప్పుడు డోన్‌లో ఉంది. అక్కడినుంచి కోసిగికి ఎంత దూరమో నీకు చెప్పక్కర్లేదు. పక్కింటి వాళ్ల జీపులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపొమ్మని అరిచాను. దారి పొడుగునా ఆమె కొంగుతో విసురుతూనే ఉందట. విసిరితే ఆక్సిజన్ వస్తుందా? కానీ ఆమె మాత్రం ఇంకేం చేస్తుంది?

బతికాడు. మిషను మీద పెట్టారు. గోళ్లు నీలంగా ఉన్నాయి. మనిషిని గుర్తుపడుతున్నాడు, మాట లేదు.

నిన్న సోమవారం ఆదోనికి వెళ్లాను. ఆమె కాళ్లకు మొక్కేదాన్నే, జరగనివ్వలేదు. అరవలేదు. మెల్లగా చెప్పింది.

“శుక్రవారం మీ బండి మా ఇంటి ముందర్నుంచే పోయిందమ్మా. ఈడ నిలుస్తాదేమో అని వాకిట్లో నిలబడింటి. నిల్వలేదు. మీకు తెలుసులే, ఇంగా గాలి ఉండాదేమోలే అనుకొని ఊరుకుంటి.”

నేను తెర మీద పేరు రాలేదమ్మా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

“నువ్వు మర్చిపోయింటే తిట్టిపోస్తుంటి. మిషను మర్చిపోయిందంటాండావే, దాన్నెట్ల తిట్టల్ల?”

ఆ రాత్రి బస్సుకే తిరిగొచ్చాను.

శుక్రవారం పొద్దున నీ గడి చూశాను శిల్పా. ఖాళీగా ఉంది. శనివారమూ ఖాళీయే. ఈ రోజు కూడా, ఆయన ఆసుపత్రిలో ఉండగా, ఖాళీగానే ఉంది. ఎందుకు రాలేదు ఆ పేరు? నాకు అర్థమయ్యేలా చెప్పు. పుస్తకం అక్కర్లేదన్నావు.

హేమావతి


కడప,
ఆగస్టు 24.

వదినకు,

విషయం తెలిసి చాలా బాధగా ఉంది. ఆయన కోలుకుంటారని ఆశిస్తున్నాను. సాంకేతిక కారణం పరిశీలనలో ఉంది. విచారణ జరుగుతున్నందున ఇంతకన్నా రాయలేను. ఆ గడి గురించి ప్రస్తుతానికి ఎవరితోనూ మాట్లాడకు.

శిల్ప


కర్నూలు,
ఆగస్టు 30.

శిల్పకు,

నువ్వు రాసింది ఉత్తరమా, టికెట్టా? ఒక పచ్చ టిక్కు కూడా పెట్టకపోయావా.

నిన్న నాకు మెమో వచ్చింది. ధనుంజయ సారు సంతకం. చదువుతాను, విను. ‘డిపోల తెరలు మార్చరాదని ఆదేశం ఉండగా, జూలై 11వ తేదీ సాయంత్రం 4.20కి యూజర్ 7 తన లాగిన్‌తో అనుమతి లేని గడిని సృష్టించి, దానిపై ఆధారపడి, ఒక రోగి ప్రాణానికి ముప్పు తెచ్చినందున, మిమ్మల్ని విధుల నుంచి ఎందుకు తొలగించరాదో వారంలోగా తెలపాలి.’

జూలై 11 సాయంత్రం నాలుగూ ఇరవైకి నేను తెర ముందు లేను. సిలిండర్ల లెక్క చూస్తూ గోడౌన్‌లో ఉన్నాను. యూజర్ 7 పాస్‌వర్డ్ ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకటి నాకు. రెండోది, ఆ లాగిన్ తయారుచేసిన దానికి.

ఒక్క మాట రాయి. నువ్వు నా పేరుతో లోపలికి వచ్చావా?

మీ అన్న మెమో చూశాడు. “శిల్పకు ఫోన్ చెయ్, అదే చూస్కుంటాది” అంటున్నాడు. నేనేం చెప్పాలి ఆయనకు?

హేమావతి


కడప,
సెప్టెంబరు 4.

వదినా,

వచ్చాను. నీ పేరుతో లోపలికి వచ్చింది నేనే.

తాళం ఉంది కదా. అడ్మిన్‌గా నీ ఒక్క తెరకు పది నిమిషాలు తాళం తీశాను. నా పేరుతో గడి పెడితే సారు లాగ్‌లో చూస్తాడని భయపడ్డాను. పోస్టు పోతుందని. అందుకని నీ లాగిన్‌తో వెళ్లి, గడి తయారుచేసి, మళ్లీ తాళం వేశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. నీకు మంచి, నాకు ప్రమాదం లేకుండా. ఆ రెండో భాగమే మనల్ని ఇక్కడికి తెచ్చింది.

రామలింగప్ప పేరు ఎందుకు రాలేదో అడిగావు. ప్రతి పేషెంటు వివరాల్లో ‘రోజుకు ఎన్ని గంటలు వాడతారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ అంకెను బట్టే గాలి ఇంకెన్ని రోజులు వస్తుందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ఆయనకు ఆ చోట ఏమీ లేదు. అంకె లేకపోతే లెక్క లేదు. లెక్క లేకపోతే ‘రెండు రోజుల కన్నా తక్కువ’ అన్న మాట వర్తించదు. గాలి అయిపోయినా ఆ పేరు గడిలోకి రాదు. నేను పరీక్షించిన అయిదు పేర్లకూ అంకెలు నిండి ఉన్నాయి. ఖాళీ ఉంటే ఏమవుతుందని ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. ఆ వివరాలు ఎవరు ఎక్కించారో నాకు తెలియదు, అది వెతకను కూడా. గడి నాది.

ఇరవై నాలుగో తేదీ ఉత్తరం రాస్తున్నప్పుడు నాకు ఇదంతా తెలుసు. అయినా అలా రాశాను.

నిన్న చైర్మన్ గారికి అన్నీ రాసి ఇచ్చాను. నీ లాగిన్ వాడిన సంగతి, తాళం తీసిన సంగతి, పరీక్షించని సంగతి. ఇచ్చేముందు ధనుంజయ సారుకు చూపిస్తే, “ఎందుకమ్మా నీకు? మీ వదిన ఇంగ రెండు మూడేండ్లలో మానుకుంటాది. నీకు ముందర శానా ఉండాది” అన్నాడు. ఆ మాట ఆయన నోట విన్నాక నాకు నా మీదే అసహ్యం వేసింది. ఎందుకంటే నేనూ ఆ లెక్కే వేసుకున్నాను. పది రోజులు.

నువ్వు మెమోకు జవాబు రాయక్కర్లేదు.

శిల్ప


కర్నూలు,
సెప్టెంబరు 9.

శిల్పకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను. నా పేరును నీ చేతికి తొడుగులా వేసుకున్నావు. అది మరిచిపోవడానికి నాకు చాలా కాలం పడుతుంది. మరిచిపోయానని అబద్ధం రాయను.

కానీ నువ్వు వెతకనన్న సంగతి ఒకటుంది. వెతికితే నీకు ఒక్క నిమిషంలో దొరికేది.

ఆ అంకె ఖాళీగా వదిలింది నేను.

మే నెలలో అందరి వివరాలూ ఎక్కించమన్నారు, గుర్తుందా? ఇంటింటికీ ఫోన్ చేసి అడిగాను. రోజుకు ఎన్ని గంటలని ఉరుకుందమ్మను అడిగితే, “గంటలు నాకేం తెల్సునమ్మా. ఊపిరి ఎగదోసినప్పుడంతా పెడతాండా, తగ్గినాక తీస్తాండా” అంది. ఆ మాటే రాయబోతే సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు. అంకె మాత్రమే వేయమంది. నాకు ఒళ్లు మండింది. పోతే పో అని ఖాళీగా వదిలేశాను. అది ఒప్పుకుంది. అలా ఆరుగురికి వదిలాను. అప్పటికి బోర్డు మీద ఉన్నాయి కదా, తర్వాత చూద్దామనుకున్నాను. తర్వాత నీ గడి వచ్చింది, పుస్తకం మూసేశాను. గడి రాకముందు ముందుజాగ్రత్తగా ఆయన ఇంట్లో దింపించిన సిలిండర్లే అన్నాళ్లూ వచ్చాయి.

నీ ఇరవై నాలుగో తేదీ ఉత్తరాన్ని తిట్టాను. నాకూ ఆ ఆదివారం సాయంత్రమే అనుమానం వచ్చింది. ఆయన వివరాలు తెరిచి చూశాను. ఖాళీ కనబడింది. అయినా ‘ఎందుకు రాలేదు ఆ పేరు’ అని నిన్నే అడిగాను. నిన్ను అడుగుతుంటే, తప్పు నాది కాదన్నట్టు ఉండింది.

ఆదోనికి మళ్లీ వెళ్లాను. రామలింగప్పను వార్డుకు మార్చారు. కూర్చుంటున్నాడు. ఖాళీగా వదిలింది నేనేనని ఉరుకుందమ్మకు చెప్పాను. మిషను కాదమ్మా, నేనే అన్నాను. ఈసారి తిట్టింది. వార్డంతా వినేలా తిట్టింది. నిలబడి విన్నాను. తిట్టి తిట్టి అలసిపోయి, “ఇంగ ఎట్ల రాస్తావో రాస్కో, అడుగు” అని మంచం మీద కూర్చుంది. ఇద్దరం వేళ్లు మడిచి లెక్క వేశాం. పొద్దున లేచాక ఎంతసేపు, అన్నం తిన్నాక ఎంతసేపు, పండుకునేటప్పుడు ఎంతసేపు. దగ్గర దగ్గర తొమ్మిది గంటలు తేలింది. మే నెలలో ఈ ఓపిక పట్టడానికి నాకు పావుగంట చాలేది. మిగతా అయిదుగురికి అంకెలు దొరికేదాకా పుస్తకం చూసే పంపుతున్నాను.

చైర్మన్ గారికి నేనూ రాసి పంపాను. ఇదే లారీలో, నీ ఉత్తరం పక్కనే ఆ కవరూ వస్తున్నది. నీ ఒక్కదాని కాగితం మీద ఈ సంగతి ముగిసిపోవడం నాకు ఇష్టం లేదు. మీ అన్నకు కూడా అంతా చెప్పాను. రెండు రోజులుగా ఇద్దరిలో ఎవరిని తిట్టాలో తెలియక ఊరికే తిరుగుతున్నాడు.

హేమావతి


కడప,
సెప్టెంబరు 21.

వదినకు,

చైర్మన్ గారు నిన్న పిలిచారు. రెండు కాగితాలూ ముందు పెట్టుకున్నారు. ధనుంజయ సారు అక్కడే ఉన్నాడు. “ఇద్దరూ తప్పు నాదంటే నాదంటాండారు. ఇంతకీ అందరికీ ఒకే తెర ఉండల్ల, పది పేర్లే ఉండల్ల అన్నిందెవురు?” అని అడిగారు. సారు కిటికీలోంచి చూశాడు. చైర్మన్ గారు కూడా ఆ ప్రశ్నను అంతటితో వదిలేశారు. వాళ్లిద్దరి సంగతి అంతే.

నీకు హెచ్చరిక. ఉద్యోగం ఉంటుంది, మెమో వెనక్కి తీసుకున్నారు. నా మేనేజరు పోస్టు పోయింది. అడ్మిన్ అధికారం భూపేష్ అనే కొత్తతనికి ఇచ్చారు. నాకు ఇప్పుడు నీకున్నట్టే ఒక మామూలు లాగిన్. పొద్దున తెర తెరిస్తే ‘శుభోదయం, యూజర్ 12’ అంది. పళ్ల చక్రం నొక్కితే ‘మీకు అనుమతి లేదు’ అంది. జూలైలో నీకెలా ఉండిందో ఇప్పుడు తెలిసింది.

ఒక్కటి మాత్రం అడిగి సాధించాను. అధికారం అప్పగించేముందు, భూపేష్ పక్కన కూర్చొని, నీ గడిని అయిదు డిపోల తెరల మీదా పైన పెట్టించాను. ఎవరూ తీయలేరు, జరపలేరు. ఈసారి ఒక మార్పు చేశాం. అంకె లేని పేర్లు దాక్కోవు. అవే అన్నింటికన్నా పైన, ముందుగా వస్తాయి. ఎర్రగా. గంటలు తెలియవన్న మనిషి మొదటి వరసలో ఉంటాడు. ఖాళీ పెట్టి కూడా పరీక్షించాను. ఈసారి నేను వద్దన్నా భూపేష్ ఇంకోసారి పరీక్షించాడు. మంచి పని.

ఈ పొద్దున అది మొదలైంది. ముందు నీ తెర సంగతే ఆలోచించాను. నీ ఆరుగురిలో రామలింగప్ప పోగా అయిదుగురు కదా అనుకుంటూ కడప తెర తెరిచాను. వదినా, ఇక్కడ అంకె లేని వాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. నేను కూర్చున్న ఆఫీసు కింది అంతస్తులోంచి సిలిండర్లు వెళ్లే ఇళ్లు. మూడు నెలలుగా నా కళ్ల ముందే.

మొదటి పేరు జీవమ్మ. ఫోన్ చేశాను. కంపెనీ నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, సిలిండరు మీద ముల్లు ఎక్కడుందో చూడమన్నాను. లేచి వెళ్లి చూసి రావడానికి ఆమెకు శానాసేపు పట్టింది. ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నది వినబడుతున్నది.

“ఎర్రగీటు కిందికి దిగిండాదమ్మా,” అంది. “నిన్నట్నుంచీ. మీరే వస్తార్లే అని చూస్తాండా.”

బండిని పంపించాను. ఇంకా పదమూడు మందికి చేయాలి. ఇక ఉంటాను.

శిల్ప